మన డిగ్రీలూ – ఇంజను డిగ్రీలూ

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం, ఎం.పి.సి.)

థర్మోడైనమిక్స్ పేపర్లో కార్నో ఇంజను బొమ్మ వేసి, దాని సామర్థ్యానికి సూత్రం రాబట్టి, నేను మంచి మార్కులే తెచ్చుకున్నాను. కార్నో ఇంజను లోకంలో ఎక్కడా తిరగదు. అది ఆదర్శం మాత్రమే. తిరిగే ఇంజను మా ఇంటి వసారాలో ఉంది. దాని దగ్గర నాకు వచ్చిన మార్కులు సున్నా. రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ మన ప్రయోగశాలల గురించి నేను చెప్పదలచుకున్న మాట అక్కడినుంచే మొదలుపెట్టాలి.

మాది కోదాడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే కుటుంబం. నాయినకు ఒక పాత బుల్లెట్ 350 ఉంది. పోత ఇనుము ఇంజను, పాయింట్ల ఇగ్నిషన్, కుడికాలికి గేరు, కుడికాలికే కిక్కు. మునుపటి వానాకాలం నాట్లకు ముందు "బండి గుంజుతలేదురా, నువ్వు సైన్సు సదువుతున్నవు గద, జర సూడు" అన్నాడు. ఆ మాటకు నేను ఉబ్బిపోయాను. పెట్రోలు ఆవిరి అంటుకున్న వెంటనే పూర్తిగా మండదని, అందుకే పిస్టను పైకొసకు చేరకముందే ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టాలని నాకు తెలుసు. కాస్త ముందు ఇస్తే మేలు కదా, ఇంకాస్త ముందు ఇస్తే ఇంకా మేలు కాదా? స్క్రూలు వదులు చేసి, కామ్ తిరిగే దిక్కుకు ఎదురుగా పాయింట్ల ప్లేటును నా ఇష్టం వచ్చినంత తిప్పి బిగించాను.

నాయిన కిక్కు కొట్టాడు. పిస్టను ఇంకా పైకి వస్తుండగానే లోపల గ్యాసు మండిపోయి దాన్ని కిందికి తన్నింది. ఇంజను వెనక్కి తిరిగింది. కిక్కు రాడ్డు ఎగిరి పాదాన్ని కొట్టింది. చీలమండ ఎముక చిట్లింది. ఆరు వారాలు పిండికట్టు. ఆ ఏడు నాట్లు అమ్మ ఒక్కతే దగ్గరుండి వేయించింది. నాయిన నన్ను ఒక్క మాట అనలేదు. మంచం మీద పడుకొని, పలకరించడానికి వచ్చినవాళ్లతో మాత్రం "పుల్లింగు మంచిగనే వచ్చింది" అనేవాడు. తిట్టినా బాగుండేది.

తర్వాత మా మేనమామ ఆ బండిని ట్రాక్టరు ట్రాలీలో వేసుకొని మిర్యాలగూడ తీసుకుపోయాడు. నేనూ వెంట పోయాను. రైసు మిల్లుల దుమ్ము మధ్య ఒక రేకుల షెడ్డు; అందులో అరవై దాటిన మెకానిక్కు. అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. చదివింది అయిదో తరగతి. ఆయన ప్లగ్గు ఊడదీసి, ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి, టాప్ గేరులో వెనక చక్రాన్ని మెల్లగా తిప్పాడు. వేలిని గాలి తోసిందంటే అది కంప్రెషన్ స్ట్రోకు. అప్పుడు సైకిలు స్పోకు పుల్ల లోపలికి దించి పిస్టను పైకొసను పట్టుకున్నాడు. పుల్ల మీద గీత పెట్టి, చక్రం వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తెచ్చి, కొసకు 0.8 మిల్లీమీటరు కిందికి ఉండగా ఆపాడు.

"నేరుగా వెనక్కి తెచ్చి ఆపొచ్చు గద ఉస్తాద్?" అన్నాను.

"పండ్లల్ల సందు ఉంటది బిడ్డా. ఇంజను ఎటు తిరుగుతదో అటుకెళ్లే రావాలె."

మిత్రులారా, ఇది మనం స్క్రూగేజీ దగ్గర రికార్డులో రాసే బ్యాక్‌లాష్ దోషం కాక మరేమిటి? జాగ్రత్తల కింద రెండో నంబరు వేసి మూడేళ్లుగా రాస్తున్నాను. ఆయన ఆ మాట ఎన్నడూ విని ఉండడు. దోషం మాత్రం ఆయన చేతికి తెలుసు.

ఆపైన పాయింట్ల గ్యాపు చూశాడు. 0.35 నుంచి 0.40 మిల్లీమీటరు. గ్యాపు పెంచితే పాయింట్లు ముందుగా తెరుచుకుంటాయి, అంటే టైమింగు దానంతట అదే ముందుకు జరుగుతుంది. కాబట్టి గ్యాపు మొదలు, టైమింగు తర్వాత. తాళంచెవి తిప్పితే అమ్మీటరు సూది మైనసు వైపు ఒరిగింది. పాయింట్లు మూసుకొని ఉన్నాయి, కాయిల్లో కరెంటు పారుతున్నది అన్నమాట. ప్లేటును వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ పోయాడు. ఒకచోట సూది టక్కున నడిమికి వచ్చింది. "అదే!" అని అక్కడ బిగించాడు. పాయింట్లు విడిపోయిన ఆ క్షణాన్నే 6 లేక 12 వోల్టుల బ్యాటరీ నుంచి వేల వోల్టులు పుట్టి ప్లగ్గులో నిప్పు పడుతుంది. ఫారడే ప్రేరణ సూత్రం ఇంత స్పష్టంగా నాకు క్లాసులో కనపడలేదు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. బుల్లెట్ 350 స్ట్రోకు 90 మిల్లీమీటర్లు. కనెక్టింగ్ రాడ్డు వాలును కలుపుకుంటే 0.8 మిల్లీమీటరు అంటే క్రాంకు సుమారు 10 డిగ్రీలు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజను సెకనుకు 18,000 డిగ్రీలు తిరుగుతుంది. మంట పాకడానికి సెకనులో వెయ్యో వంతులు రెండు పట్టిందనుకుందాం, ఆలోగా 36 డిగ్రీలు గడిచిపోతాయి. కిక్కు కొట్టేటప్పుడో, 300 చుట్లు అనుకుంటే నాలుగు డిగ్రీలైనా గడవవు! (ఇది మోటు లెక్కే, వేగం పెరిగినకొద్దీ గ్యాసు సుడి తిరిగి త్వరగా మండుతుంది.) అందుకే పాయింట్ల వెనక రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు పెట్టారు. వేగం పెరిగితే అవి విచ్చుకొని నిప్పును ముందుకు జరుపుతాయి, తగ్గితే ముడుచుకుంటాయి. నేను పరుగెత్తే ఇంజనుకు కావలసినదాన్ని నిలబడి ఉన్న ఇంజనుకు ఇచ్చాను. దాని ఫలితం నాయిన కాలు మోసింది. ఉస్తాద్ దీన్ని ఒక్క ముక్కలో చెప్పాడు: "పొయ్యి అంటుబెట్టంగనే అన్నం ఉడుకుతదా? ఎసరు సూసి మంట పెట్టాలె."

సూర్యాపేట, కోదాడల్లో హైవే పక్కన ఒకప్పుడు అంబాసిడర్ టాక్సీల టైమింగు పెట్టినవాళ్లదీ ఇదే విద్య. నాలుగు సిలిండర్లు, 1–3–4–2 వరుస. డిస్ట్రిబ్యూటరు క్లాంపు వదులు చేసి చేత్తో తిప్పడం. తర్వాత టాప్ గేరులో ఎత్తు ఎక్కించి, డబ్బాలో గోళీలు ఊపినట్లు చప్పుడు వస్తే కొంచెం వెనక్కి. అమెరికాలో 1964 నాటి పాంటియాక్ జీటీఓ లాంటి ఆరు లీటర్లు మించిన ఎనిమిది సిలిండర్ల కార్లను ఇప్పటికీ మోజుగా పెట్టుకొన్నవాళ్లు స్ట్రోబ్ దీపం వేసి పుల్లీ మీద గీతను చూసి తిప్పుతారు. పరికరం ఖరీదైనది, పని మాత్రం మన స్పోకు పుల్ల చేసేదే.

ఈ వ్యాసం చిత్తుప్రతి చూసిన ఒక లెక్చరరు గారు "ఇదంతా పాతకాలపు వ్యవహారం కదయ్యా" అన్నారు. నిజమే. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.–6 వచ్చాక కొత్త బండ్లలో నిప్పు ఎప్పుడు పడాలో కంప్యూటరు చూసుకుంటున్నది. అయితే అది చూసుకునేవి కూడా ఈ డిగ్రీలే కదా! క్రాంకు ఎక్కడుందో ఒక సెన్సారు చెబుతుంది, గోళీల చప్పుడు ఇంకొక సెన్సారు వింటుంది. ఉస్తాద్ వేలూ, చెవీ చేసిన పని అది. ఇక డీజిలు సంగతి. మన పల్లెల్లో చేలకు నీళ్లు తోడిన కిర్లోస్కర్ ఆయిలింజనులో ప్లగ్గు లేదు, డీజిలు చిమ్మే క్షణమే టైమింగు. పరిశోధనలకు వాడే 5 హెచ్.పి. ఇంజనులో అది కొసకు 23 డిగ్రీల ముందు. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు. అది నూకల నుంచి కూడా తయారవుతుంది. మిర్యాలగూడ చుట్టూ మిల్లులున్న మనం, ఆ ఇథనాలు వల్ల పాత ఇంజనులో మంట ఎలా మారుతుందో అడిగి తెలుసుకోవద్దా? ఇది బి.ఎస్సీ. ప్రాజెక్టుకు పనికిరాని విషయమా?

నేను కోరేది పెద్దది కాదు. తుక్కు కింద పోయే ఒక పాత ఇంజను కొని, ఫిజిక్సు ల్యాబులో స్టాండు మీద బిగించండి. పెట్రోలు పోయనక్కర లేదు. స్పోకు, ఫీలర్ గేజి, బ్యాటరీ, అమ్మీటరు చాలు. పైకొసను పట్టుకోవడం, నిప్పు పడే కోణాన్ని కొలవడం, దోషం ఎంతో రాయడం: ఇదొక ప్రాక్టికల్. సోనోమీటరు తీసేయమని నేననడం లేదు. దాని పక్కన దీనికి ఒక బల్ల ఇవ్వమంటున్నాను. సంవత్సరానికి ఒకరోజు ఉస్తాద్‌లాంటి వాళ్లను పిలిపించండి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరుకు ఇచ్చినట్లే కవరులో పెట్టి గౌరవంగా రుసుము ఇవ్వండి. ఆయన షెడ్డులో ఇప్పుడు శిష్యుడు లేడు. కొడుకు హైదరాబాదులో ఇంకేదో పని చేస్తున్నాడట. పాయింట్ల బండి వస్తేనే తీరిగ్గా కూర్చుంటాడు. వారానికి ఒకటి వస్తే ఎక్కువ.

నాయిన కాలు ఇప్పుడు బాగానే ఉంది, చలికాలంలో కొంచెం లాగుతుంది. బండి మొదటి కిక్కుకే లేస్తున్నది. నేను ముట్టుకుంటానంటే మాత్రం "ఉస్తాద్‌ను అడిగినవా?" అంటున్నాడు. ప్రొట్రాక్టరు పెట్టి అట్టమీద 360 డిగ్రీల చక్రం ఒకటి గీసి హాస్టలు గదిలో ఉంచాను. తగిలించడానికి ఫ్లైవీలు కావాలి.