కొట్టు లెక్కలకి ఏ సర్వర్?

మన క్లాసులో ఏ ప్రాజెక్టు గురించి అడిగినా వచ్చే సమాధానం 'మెర్న్ స్టాక్'. కాలేజీ డెమోకి ఓకే. కానీ ఊళ్ళో ఎరువుల కొట్టాయన బిల్లింగ్ యాప్ చేసిపెట్టమంటే? నా ఓటు జాంగోకి, దాని వెనక పోస్ట్‌గ్రెస్‌కి.

నోడ్ తక్కువదని కాదు. 2009లో వచ్చిన నోడ్ బలమల్లా ఒకే థ్రెడ్ మీద వేల కనెక్షన్లు మోయడం. చాట్ యాప్‌కి అదే కావాలి. కొట్టులో ఒకేసారి బిల్లు కొట్టేది ఇద్దరో ముగ్గురో. అక్కడ సమస్య వేగం కాదు, లెక్క. బిల్లు పడితే స్టాకు తగ్గాలి, అప్పు ఖాతాలో ఎక్కాలి. మధ్యలో కరెంటు పోతే అసలేదీ జరగనట్టే ఉండాలి. దీన్నే ట్రాన్సాక్షన్ అంటాం. మోంగోడీబీలోనూ 2018 నుంచి పలు డాక్యుమెంట్లకి కలిపి ఈ సదుపాయం ఉంది. కానీ బిల్లు, సరుకు, ఖాతాదారు ఒకదానికొకటి ముడిపడ్డ చోట టేబుళ్ళే సుఖం. పైగా జాంగోలో లాగిన్, అడ్మిన్ పేజీ రెడీమేడ్‌గా వస్తాయి. నోడ్‌లో అయితే ప్యాకేజీలు మనమే ఏరి కూర్చుకోవాలి.

ఇంకో మాట. రేపు మనం ఉద్యోగాలకని హైదరాబాదో బెంగళూరో వెళ్ళిపోతాం. నెలనెలా రిటర్ను వేసే కొట్టాయన 11వ తేదీలోపు జీఎస్‌టీఆర్-1 పెట్టాలి. 10వ తేదీ రాత్రి యాప్ ఆగితే ఎవరు చూస్తారు? ఆ ఊళ్ళో దొరికే కుర్రాడికి పీహెచ్‌పీ ఒక్కటే వస్తే, జాంగోని పక్కన పెట్టి లారావెల్‌లో రాయడమే న్యాయం. రెజ్యూమేలో ఏం రాసుకోవాలో తర్వాత చూసుకుందాం.