షాటు రెడీ... కారు నాట్ రెడీ!

ఈ వారం ఏ హీరో గురించీ రాయడం లేదు, మా ఫియట్ గురించి రాస్తున్నాను. పాఠకులు క్షమించాలి. అదీ సినిమాలో వేషం వేసిందే గనక ఈ పేజీలో చోటు ఇవ్వొచ్చనుకుంటాను.

మాది 1976 నాటి ప్రీమియర్ పద్మిని. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ. పేరు పద్మిని అయినా మా ఇంట్లో అది ఫియట్టే. ఒకప్పుడు మద్రాసు స్టూడియోల ముందు ఇలాంటివీ, అంబాసిడర్లూ బారులు తీరి ఉండేవి. ఇప్పుడు పాతకాలం కథ తీయాలంటే కారు కోసం ఊరంతా వెతుక్కోవాలి. అలా మొన్న ఏప్రిల్లో ఒక యూనిట్ వారొచ్చి నాలుగు రోజులకు అడిగారు. కారుతో పాటు మా డ్రైవరు వెళ్లాడు. పిల్లలు ఆయన్ని తాతా అంటారు, మాకూ అదే అలవాటైపోయింది. ముప్పై ఏళ్లుగా ఆ బండికి తల్లీ తండ్రీ ఆయనే.

వికారాబాదు దారిలో లొకేషను. మొదటిరోజు రెండు షాట్లు బ్రహ్మాండంగా వచ్చాయిట. మూడోదానికి "యాక్షన్" అనగానే ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. అరగంట ఊరుకుంటే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయింది. ఇంకో రెండు షాట్లు, మళ్లీ అదే తంతు. సాయంత్రం ఇంటికి మాత్రం హాయిగా వచ్చేసింది!

మర్నాడు పొద్దున్నే గారేజీలో చూపిస్తే, "ఎక్కడండీ ట్రబులు?" అన్నారు. నడుస్తున్న కారుకు ఏం వైద్యం చేస్తారు? అయినా చేశారు. కార్బురేటరు కడిగారు, ప్లగ్గులు మార్చారు, కండెన్సరు మార్చారు, బిల్లు ఇచ్చారు. మధ్యాహ్నానికి లొకేషన్లో మళ్లీ ఆగింది.

ఇక తలా ఒక మాట. 2023లో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత బళ్లకు పడదని కెమేరా అసిస్టెంటు. ఎండకు పెట్రోలు గొట్టంలోనే మరిగి ఆవిరవుతోంది, పంపు ఆవిరిని తోడలేదని జనరేటరు వాన్ డ్రైవరు. (రెండూ కొట్టిపారేసే మాటలు కావు సుమండీ!) ప్రొడక్షన్ మేనేజరు గారు మాత్రం నాకు ఫోన్ చేసి, "మీ ముసలాయన పెట్రోలు తీసేసి కిరసనాయిలు పోస్తున్నాడేమో చూసుకోండి" అన్నారు. ఛ, అన్నాను. కాని రాత్రి మా ఆవిడతో ఆ సంగతి చెబుతున్నప్పుడు నా 'ఛ'లో అంత గట్టిదనం లేదు.

మూడోరోజు నేనూ వెళ్లాను. తాత ముషీరాబాదు నుంచి తనకు తెలిసిన మెకానిక్ భాయ్‌ని వెంటబెట్టుకొచ్చాడు. భాయ్ పానా ముట్టుకోలేదు. చెట్టుకింద కూచున్నాడు. "ఆగనియ్యుండ్రి సార్. నడిచే బండిని జూసి ఏం జెప్తం?" అన్నాడు.

పదకొండింటికి ఆగింది. భాయ్ ఒక్క ఉదుటున లేచాడు. కార్బురేటరు దగ్గర పెట్రోలు గొట్టం ఊడదీసి, సీసాలో పెట్టి, సెల్ఫ్ కొట్టమన్నాడు. పెట్రోలు ఝల్లున చిమ్మింది. వాసన చూసి, మంచి పెట్రోలే అన్నాడు. అంటే పెట్రోలు, పంపు, ఆవిరి, తాత... నలుగురూ నిర్దోషులు!

గొట్టం మళ్లీ బిగించి, శుభ్రంగా తుడిచి, కాయిల్ నుంచి వచ్చే లావు తీగ ఊడదీశాడు. దాని కొసను ఇంజను ఇనుముకు దగ్గరగా పట్టుకుని మళ్లీ సెల్ఫ్ కొట్టమన్నాడు. ఒక్క నిప్పురవ్వ కూడా లేదు. పాయింట్ల వైరుకు టెస్టు లాంపు తగిలిస్తే మిణుకు మిణుకుమంది, కనక పాయింట్లు బాగానే ఉన్నాయి. కాయిల్ మీద చెయ్యేసి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "ఇది ఎన్నడు మార్చిన్రు?"

ఆరు నెలల కిందట సర్వీసింగులో మార్చారు. కొత్తది గనక ఎవరికీ అనుమానం రాలేదు. మీటరు పెడితే దాదాపు ఒకటిన్నర ఓములు చూపించింది. మా బండి కాయిల్ సుమారు మూడు ఓములుండాలిట. ఒకటిన్నర రకం వాడే బళ్లలో దాని ముందు కరెంటును అదుపుచేసే రెసిస్టరు ఉంటుంది. అది లేకుండా 12 వోల్టులకు తగిలిస్తే 4 ఆంపియర్లు పోయేచోట 8 పోతాయి. కాయిల్ కుంపటే!

మరి గోల అంతా షూటింగులోనే ఎందుకు? భాయ్ డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు చూపించాడు. అది వెలుగుతూంటే బాగుందని కెమేరామన్ గారు షాటుకూ షాటుకూ మధ్య ఇంజను ఆపినా తాళం ఆన్‌లోనే ఉంచమన్నారు. పాయింట్లు మూసుకున్నచోట ఇంజను ఆగితే కాయిల్లో కరెంటు నిలవకుండా పారుతూనే ఉంటుంది. గారేజీలో ఆ సీను లేదు.

ఈ అడవిలో కాయిల్ ఎక్కడ తెస్తామని మేనేజరు గారు తల పట్టుకున్నారు. తాత డిక్కీ తెరిచి, గుడ్డలో చుట్టిన మూట ఒకటి బయటికి తీశాడు. అప్పుడు గారేజీవాళ్లు తీసేసిన పాత కాయిలే! "బాగానే ఉంది బాబుగారూ" అని ఆనాడే అన్నాడు. డిక్కీనిండా చెత్త పోగేస్తున్నావని కేకలేసింది నేనే.

బిగించగానే, ఇంజను ఇంకా కాలుతూండగానే, మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. చీకటి పడేదాకా మళ్లీ ఆగలేదు. మేనేజరు గారు తాతకు టీ తెప్పించారు. కిరసనాయిలు ఊసు ఎత్తలేదు. రాత్రి షెడ్డులో నేనే ఎత్తాను, నేనూ అనుమానపడ్డానని ఒప్పుకున్నాను.

"తెలుసు బాబుగారూ" అన్నాడు తాత, అద్దం తుడుస్తూ. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

నాలుగోరోజు మాత్రం షాటు అవగానే తాళం తీసి జేబులో వేసుకున్నాట్ట. కెమేరామన్ గారు ఎర్ర లైటు అడిగితే, "ముందు టేకు చెప్పండి, అప్పుడు వెలిగిస్తా" అన్నాట్ట.