హైదరాబాద్ మెనూలో పెద్దకూర ఎక్కడ?

2019 అక్టోబర్‌లో యునెస్కో హైదరాబాద్‌ను వంటల విభాగంలో ‘సృజనాత్మక నగరం’గా గుర్తించింది. అప్పటినుంచి ఫుడ్ ఫెస్టివల్‌లోనైనా, పర్యాటక ప్రకటనల్లోనైనా ఒకటే మాట వినిపిస్తోంది. ఈ నగరం అందరిదీ, దీని పళ్లెంలో అన్ని సంస్కృతులూ ఉన్నాయని. ఆ మాటలో చాలా నిజముంది. అయితే ఆ పళ్లెంలో ఎవరి ముద్ద కనిపించడం లేదో కూడా చూడాలన్నది మా వాదన.

ముందు ఆ నిజం సంగతి చెప్పుకుందాం. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఇవాళ బార్కస్‌లో ఉన్నారు. ‘బ్యారక్స్’ అన్న మాటే నోళ్లలో పడి బార్కస్ అయింది. మండీ తినాలంటే నగరం ఆ దారి పడుతుంది. అరబ్బుల హరీస్ ఇక్కడి మసాలాతో కలిసి హలీమ్ అయింది, 2010లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు చాయ్ హోటళ్లు పెట్టారు. బేగంబజార్‌లో మార్వాడీల మిఠాయి, కచోరీ దొరుకుతాయి. ఉడిపి హోటళ్లు, ఆంధ్రా మెస్‌లు ఏ బస్తీకి పోయినా ఉంటాయి.

ఇరానీ హోటల్ గురించి ఇంకో మాట చెప్పాలి. అక్కడ ఎదురు కుర్చీలో కూర్చున్నవాడి కులం ఎవరూ అడగరు. కప్పు అందరికీ ఒకటే. ఊరి హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసి నగరానికి వచ్చినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. మా ముందు తరం వాళ్లు పట్నం గురించి చెప్పేటప్పుడు చాయ్ రుచి కన్నా ముందు ఈ సంగతే చెప్పేవాళ్లు.

నగరపు వంటలకు చెప్పే ఈ కథలన్నీ వలస కథలే. మరి పాలమూరు, నల్లగొండ, మెదక్ మాలమాదిగ వాడల నుంచి కూలికి, రోడ్లు ఊడ్చే పనికి, చదువుకు వచ్చినవాళ్లదీ వలసే కదా? వాళ్లు తెచ్చుకున్న వంట ఏ ఫుడ్ వాక్‌లో ఉంది?

ఒకటే మాంసం, రెండు భాషలు

తెలంగాణ తెలుగులో ఆ మాంసాన్ని పెద్దకూర అంటాం. పాతబస్తీ ఉర్దూలో ‘బడే కా గోష్ట్’ అంటారు. మేకమాంసం ‘చిన్నది’, ఇది ‘పెద్దది’. రెండు భాషల్లోనూ ఒకే లెక్క. గంగా జమునా తహజీబ్ గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ ఉదాహరణ ఎప్పుడూ ఎత్తరు.

కళ్యాణి బిర్యానీనే తీసుకోండి. బీదర్ వైపు కళ్యాణి నవాబుల పేరు మీద వచ్చిన వంటకం అది. దున్నపోతు మాంసాన్ని చిన్న ముక్కలు కోసి చేస్తారు. ధర తక్కువ. ఆటో డ్రైవర్లు, హమాలీలు, హాస్టల్ పిల్లలు కడుపు నింపుకునేది దానితోనే. దానికి ‘పేదోళ్ల బిర్యానీ’ అని పేరు. నవాబుల చరిత్ర ఉన్నా, ఆ మాంసం వల్ల అది నగర గౌరవ చిహ్నాల్లోకి రాలేదు.

ఇదేదో చట్టవిరుద్ధమైన తిండి అనుకునేవాళ్లకు ఒక మాట. ఉమ్మడి రాష్ట్రంలో 1977లో వచ్చిన చట్టం గోవధను నిషేధించింది. బర్రెలు, దున్నలు, ఎడ్లు పనికిరావని ధ్రువీకరణ ఉంటే కోయడానికి అనుమతించింది. కాబట్టి ఈ తిండికి అడ్డు పడుతున్నది చట్టం ఒక్కటే కాదు, కులం కూడా.

మా ఇళ్లలో తునకలు ఉంటాయి. మాంసాన్ని పొడుగ్గా చీల్చి, ఉప్పు పసుపు పట్టించి, దండెం మీద ఎండబెడతారు. వానాకాలం పని దొరకని రోజుల్లో గోంగూరలోనో పప్పులోనో వేసి వండుతారు. చచ్చిన గొడ్డును ఎత్తే పని మాదిగల మీద రుద్దిన ఊళ్లో, ఒక్కసారే వచ్చిపడిన మాంసాన్ని నెలల తరబడి నిలవ చేసుకోవడం తెలిసిన ఆడవాళ్ల జ్ఞానం ఇది. 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్న మరాఠ్వాడాలో దీన్నే చాన్యా అంటారు. అక్కడి మహర్, మాంగ్ కులాల వంటల మీద షాహు పాటోళే 2015లో మరాఠీలో పుస్తకం రాశారు. 2024లో అది ఇంగ్లీషులోకి కూడా వచ్చింది. గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ఉన్న సంబంధాన్ని అంబేద్కర్ 1948లోనే ‘అంటరానివారు’ గ్రంథంలో చర్చించారు.

‘అది మాత్రం వండొద్దు’

2014 నమూనా నమోదు వ్యవస్థ సర్వే ప్రకారం తెలంగాణలో 98.7 శాతం మంది మాంసాహారులు. అయినా ఈ నగరంలో ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ అనే టులెట్ బోర్డులకు కొదవ లేదు. మేము గది కోసం తిరిగినప్పుడు పేరు తర్వాత వచ్చిన ప్రశ్న ‘ఏం తింటరు?’ అనే. ఒక ఇంటి యజమాని చికెన్, మటన్ పర్వాలేదన్నాడు. ‘అది మాత్రం వండొద్దు’ అన్నాడు. దాని పేరు కూడా పలకలేదు. మేము ఒప్పుకున్నాం. యూనివర్సిటీకి దగ్గర, అద్దె తక్కువ. ఊరి నుంచి అమ్మ పంపిన తునకల డబ్బా అటక మీదే ఉండేది. వండిన రోజు కిటికీలు మూసి, అగరుబత్తి వెలిగించేవాళ్లం. ‘ఏం తింటరు’ అన్నది రుచి గురించి అడిగిన ప్రశ్న కాదు. నేరుగా కులం అడగలేనివాడు అడిగే ప్రశ్న.

ఆ అగరుబత్తి వాసన నుంచి బయటికి రావడానికే ఉస్మానియా విద్యార్థులు 2012 ఏప్రిల్ 15న, అంబేద్కర్ జయంతి మర్నాడు, బీఫ్ ఫెస్టివల్ జరిపారు. దాడులు జరిగాయి, కేసులు పడ్డాయి. 2015 డిసెంబర్ 10న, మానవ హక్కుల దినాన, మళ్లీ జరపాలనుకుంటే కోర్టు ఆదేశాలు, పోలీసుల అరెస్టులు ఎదురయ్యాయి. ఒక విద్యార్థి తన ఇంట్లో తినేది నలుగురిలో తినడం శాంతిభద్రతల సమస్యగా మారింది.

2024 మార్చిలో జొమాటో శాకాహారుల కోసం ప్రత్యేక దళాన్ని ప్రకటించింది. ఆకుపచ్చ చొక్కాల ఆలోచనను విమర్శలు రాగానే విరమించుకుంది, దళాన్ని మాత్రం ఉంచింది. కలిసి ప్రయాణిస్తే తిండి మైలపడుతుందన్న భావన ఊరి బావి దగ్గర నుంచి యాప్‌లోకి చేరింది.

‘బ్రాహ్మణ భోజనం’, ‘రెడ్డి మెస్’, ‘రాజుగారి పులావు’ అని బోర్డు పెట్టుకుంటే అది ఈ నగరంలో రుచికి హామీ. ‘మాదిగ మెస్’ అనే బోర్డు పెట్టి చూడమనండి. ఆ గల్లీలో షాపు అద్దెకు దొరుకుతుందా? కులం పేరు కొందరికి పెట్టుబడి, కొందరికి దాచుకోవాల్సిన సంగతి అయినప్పుడు వంటకాల సంఖ్య చూపించి బహుళత్వం అనలేం.

మేము అడుగుతున్నది పెద్దకూరకు ఒక స్టాల్ మాత్రమే కాదు. ప్రభుత్వ ఫుడ్ ఫెస్టివల్స్‌లో తునకలు, కళ్యాణి బిర్యానీ తమ పేరుతోనే ఉండాలి. యూనివర్సిటీ మెస్‌లలో ఏం వండాలో తినేవాళ్లు నిర్ణయించాలి. తిండి పేరుతో ఇల్లు నిరాకరించడాన్ని వివక్షగా గుర్తించే చట్టం రావాలి. కిటికీ తెరిచి కూర వండుకునే హక్కు గురించి మాట్లాడకుండా ఈ నగరం తన పళ్లెం అందరిదీ అని చెప్పుకోలేదు.