డ్రిల్ పట్టే ముందు: కణత ఎముకపై మా ప్రణాళిక

చెవి వెనక ఎముకను తొలిచి పుర్రె అడుగుభాగానికి దారి చేసుకునేవాళ్లం మేము. మాలో ఈఎన్‌టీ సర్జన్లున్నారు, న్యూరోసర్జన్లున్నారు, బర్ పట్టడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పీజీలున్నారు. అందరం ఒప్పుకున్న మాట ఒకటే: పుస్తకంలో గీసిన కణత ఎముక సగటు ఎముక. ఆపరేషన్ టేబుల్ మీద పడుకునే మనిషి ఎముక అలాగే ఉండాలన్న నియమం లేదు.

ముఖాన్ని కదిలించే ఫేషియల్ నర్వ్, మెదడుకు రక్తం చేర్చే కెరోటిడ్ ధమని, రక్తాన్ని కిందికి దించే సిగ్మాయిడ్ సైనస్, జుగులర్ బల్బ్, వినికిడినీ ఒంటి సమతుల్యతనూ చూసే లోచెవి, అన్నీ అక్కడే ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. ఏది రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగినా మా దారి మారిపోతుంది.

ముందు ఫేషియల్ నర్వ్ సంగతి. మధ్య చెవిలో, ఓవల్ విండోకు పైన, దాన్ని కప్పాల్సిన ఎముక చాలామందిలో కొంతమేర ఉండదు. 1971లో బాక్స్‌టర్ అనే పరిశోధకుడు 535 కణత ఎముకలు పరిశీలిస్తే 55 శాతంలో ఈ ఖాళీ కనిపించింది. సగానికి పైగా ఎముకల్లో కనిపించినదాన్ని అరుదైన విషయంలా చివరి పాఠంలో చెప్పడం మానేస్తున్నాం. మా దగ్గర అది మొదటి పాఠం. ఎముక ఉందని తేలేదాకా ప్రతి నాడినీ కవచం లేనిదిగానే చూస్తాం.

పైనుంచి వెళ్లినా ఇదే కథ. 1960ల మొదట్లో విలియం హౌస్ మిడిల్ ఫోసా దారిని వాడుకలోకి తెచ్చినప్పటి నుంచీ సర్జన్లు ఆర్క్యుయేట్ ఎమినెన్స్ అనే ఎముక ఉబ్బును ఆనవాలుగా పట్టుకుంటున్నారు. లోచెవిలోని సుపీరియర్ కెనాల్ సరిగ్గా దాని కిందే ఉంటుందన్న హామీ మాత్రం లేదు. 1968లో రోటన్, ఆయన సహచరులు 100 ఎముకలు చూస్తే 15 ఎముకల్లో, ఫేషియల్ నర్వ్ మలుపు దగ్గరుండే జెనిక్యులేట్ గాంగ్లియన్ మీద కప్పు పూర్తిగానో కొంతగానో లేదు. అలాంటి చోట డ్రిల్ తిప్పక ముందే, మెదడు పైపొర డ్యూరాను లేపేటప్పుడే నాడి దెబ్బతినొచ్చు. సుపీరియర్ కెనాల్‌కే పైకప్పు లేకపోతే వచ్చే జబ్బును 1998లో లాయిడ్ మైనర్ బృందం వర్ణించింది. కనుగుడ్లు కదిలితే ఆ చప్పుడు చెవిలో వినిపిస్తోందని ఎవరైనా చెబితే నవ్వి పంపేయకండి, సీటీ తీయించండి.

మధ్య చెవిలో ఎర్రగా కొట్టుకునే దేన్నీ స్కాన్ చూడకుండా బయాప్సీ చేయం. అది దారి తప్పిన కెరోటిడ్ కావచ్చు. కర్ణభేరి వెనక నీలంగా కనిపించేదంతా నీరు కాదు, పైకి ఎగబాకిన జుగులర్ బల్బ్ కూడా అలాగే కనిపిస్తుంది. అక్కడ గాటు పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

చిన్నప్పటి నుంచీ చెవి కారుతున్నా వైద్యం అందనివాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. అలాంటివాళ్లలో చాలామందికి చెవి వెనక ఎముక, మాస్టాయిడ్, గట్టిపడి, కుంచించుకుపోయి ఉంటుంది. సైనస్ ముందుకు, డ్యూరా కిందికి వచ్చి ఉండొచ్చు. ఆరోగ్యశ్రీ కింద కోక్లియర్ ఇంప్లాంట్‌కు వచ్చే పిల్లల్లో మరో చిక్కు. లోచెవి నిర్మాణంలో లోపం ఉంటే ఫేషియల్ నర్వ్ కూడా దారి మార్చుకుని ఉండే అవకాశం ఎక్కువ. పైగా రెండేళ్ల లోపు బిడ్డకు మాస్టాయిడ్ కొన పూర్తిగా ఎదగదు, నాడి చర్మానికి దగ్గరగా ఉంటుంది. పెద్దవాళ్లకు పెట్టే గాటు వాళ్లకు పెట్టం.

కాబట్టి రిపోర్టు చదివి సరిపెట్టుకోం. పలచటి స్లైసుల సీటీని, రెండు వైపులా, ఆపరేషన్ చేసేవాళ్లే ముందురోజు తిరగేస్తారు. నర్వ్ మానిటర్ పెడతాం, కానీ దాన్ని నమ్మి అనాటమీని మరచిపోం. కండరాలు సడలించే మందు పనిచేస్తున్నంతసేపూ ఆ మానిటర్ మూగదే, అందుకే మత్తు డాక్టరుతో ముందే మాట్లాడుకుంటాం. కనిపించిన ప్రతి తేడానూ ఆపరేషన్ నోట్స్‌లో కొలతతో రాస్తాం. పైన చెప్పిన లెక్కలు మన ఎముకలవి కావు, మన లెక్కలు మనమే పోగుచేయాలి.

శవ ఎముకల మీద చేయి తిరగనివాళ్లకు బతికున్న మనిషి మీద డ్రిల్ ఇవ్వం. ఈ విషయంలో సీనియర్ల సిఫారసులు చెల్లవు. త్రీడీ ప్రింట్ ఎముకలు మంచివే, చేతికి అలవాటు చేస్తాయి. కానీ ఒకే స్కాన్ నుంచి తీసిన ప్లాస్టిక్ ఎముకను వందసార్లు తొలిచినా రెండో మనిషి ఎముక ఎలా ఉంటుందో తెలియదు. మాస్టాయిడ్‌లో అడ్డుగోడలా ఉండే కోర్నర్ సెప్టమ్ దగ్గర ఆగి, ఆంట్రమ్ లోపలి గోడ దాకా వచ్చేశామనుకునే పీజీకి ఆ పొరపాటు ల్యాబ్‌లోనే జరగాలి. దానికి నిజమైన ఎముకలు కావాలి, రకరకాలవి కావాలి.

ఆ ఎముకలు దేహదానం చేసే మీలాంటివాళ్లు ఇస్తేనే వస్తాయి. దగ్గర్లోని మెడికల్ కాలేజీ అనాటమీ విభాగానికి వెళ్లి దేహదాన అంగీకార పత్రం నింపండి. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి ఉంచండి, రేపు కాలేజీకి కబురు పెట్టాల్సింది వాళ్లే.