గొంతుకు కూలి, పెట్టెకు వాటా

ఆలూరు దగ్గర ఒక ఊళ్ళో జాతర. రాత్రి ఒంటిగంట దాటింది. ఆర్కెస్ట్రా వాళ్ళు పందిరి వెనక చాప పరుచుకుని లెక్క పంచుకుంటున్నారు. ఈ సీమలో డబ్బును లెక్క అనే అంటారు. వ్యాను బాడుగ, డీజిలు, భోజనాలు పోగా 21,200 రూపాయలు మిగిలింది. అందులోంచి ముందుగా 1,200 తీసి పాటలు పాడిన అమ్మాయి చేతిలో పెట్టారు. మిగిలిన ఇరవై వేలను పది వాటాలు చేశారు. స్పీకర్లకు, మిక్సర్‌కు కలిపి రెండు వాటాలు. కీబోర్డుకు ఒకటి, అది వాయించిన మనిషికి ఒకటి. ప్యాడ్స్‌కు ఒకటి, మనిషికి ఒకటి. బేస్ గిటార్‌కు ఒకటి, మనిషికి ఒకటి. డోలక్ వాయించినతనికి ఒకటి, మగ గాయకుడికి ఒకటి.

ఆ రాత్రి నాలుగు గంటలపాటు నిలబడి పద్దెనిమిది పాటలు పాడిన మనిషికి వచ్చింది 1,200. ఆమె పక్కన నిలబడి పాడిన మగవాడికి 2,000. ఆమె వెనక ఉన్న బేస్ గిటార్‌కు, అంటే ఒక కట్టెకు, నాలుగు తీగలకు, 2,000. ఇదేమిటని ఆమెను అడిగాను. “పాడేదానికి పిలుస్తారక్కా, పంచేదానికి పిలవరు. నా గొంతుకు లెక్క లేదు, ఆ కట్టెకు ఉండాది” అంది.

వాన పడని ఏడు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోయే కుటుంబం ఆమెది. జాతరల కాలానికి తిరిగి వచ్చి పాడుతుంది. ఆమె పేరు రాయను. ఆమె మాట మాత్రం ఏడాదిగా నన్ను వదల్లేదు.

వాయిద్యానికి వాటా ఎందుకని ఆ మగవాళ్ళను అడిగితే వాళ్ళు చెప్పిన సమాధానం అన్యాయంగా లేదు. వస్తువు కొనడానికి పెట్టుబడి పెట్టారు. తీగలు మార్చాలి, రిపేర్లు చేయించాలి, పాతబడితే ధర పడిపోతుంది. నిజమే. మరి గొంతుకు పెట్టుబడి లేదా? చీర, అలంకరణ, గొంతు పోతే మందులు, బిడ్డను రాత్రంతా ఎవరి దగ్గరో వదిలిపెట్టి రావడం, మరునాడు కూలికి పోలేకపోవడం, ఇవన్నీ ఎవరి ఖాతాలో రాస్తున్నాం? పెట్టె అరుగుదలకు ధర కట్టినవాళ్ళు గొంతు అరుగుదలకు ఎందుకు కట్టలేదు?

మన పొలాల్లో ఈ లెక్క పాతదే. గొర్రు పట్టేది మగవాడు, వెనక నడుస్తూ విత్తనం వేసేది ఆడమనిషి. ఎద్దులకు, గొర్రుకు బాడుగ వేరే ఉంటుంది, పట్టినవాడికి కూలి వేరే ఉంటుంది. విత్తనం వేసిన చేతికి కలుపు కూలికి దగ్గరగా ఏదో ఇస్తారు. చేయి వణికితే సాలంతా పాడవుతుందని అందరికీ తెలుసు. అయినా నైపుణ్యం గొర్రులో ఉందంటారు, చేతిలో ఉందనరు. పనిముట్టు ఎవరి దగ్గర ఉంటే నైపుణ్యం వారిదే అవుతుంది. 1976లో వచ్చిన సమాన వేతన చట్టం ఒకే రకమైన పనికి ఒకే వేతనం ఇమ్మంది. ఆ సూత్రం ఇప్పుడు 2019 నాటి వేతనాల కోడ్‌లో చేరింది. కానీ “మీది వేరే పని” అనగానే ఆ సూత్రం గడప బయట ఆగిపోతుంది.

ఆ తర్వాత ఆమె ఒక నిర్ణయం తీసుకుంది. “ఆ కట్టె నేనే కొంటా” అంది. ఆమెతో కలిసి తిరిగిన ఆ నాలుగు నెలల్లో నేను నేర్చుకున్నది చాలా ఉంది.

బేస్ గిటార్‌కు నాలుగు తీగలు. మామూలు గిటార్‌లోని కింది నాలుగు స్వరాలే, ఒక స్థాయి మంద్రంలో పలుకుతాయి. పాట వింటున్నప్పుడు చాలామందికి అది వినపడదు, ఆగిపోతే మాత్రం పాట పలచబడిపోతుంది. ఇంటి పని గురించి మనం ఎప్పుడూ చెప్పే మాట కూడా ఇదే. తేడా ఒక్కటే: బేస్‌కు వాటా ఉంది. పూర్వం ఈ పనికి మనిషంత ఎత్తున్న డబుల్ బేస్ ఉండేది. 1951లో అమెరికాలో లియో ఫెండర్ కంపెనీ మెట్లతో, కరెంటుతో పనిచేసే ప్రెసిషన్ బేస్‌ను అమ్మకానికి తెచ్చాక అది భుజానికి తగిలించుకునే వస్తువైంది. బరువు సుమారు నాలుగు కిలోలు. నీళ్ళ బిందె అంతకంటే బరువు, చంకనున్న బిడ్డ అంతకంటే బరువు. “ఆడవాళ్ళు మోయలేరు” అనే మాట మా ఇద్దరికీ నాలుగుసార్లు వినిపించింది.

ధర సంగతి. కొత్తది మామూలు రకమైతే పది పన్నెండు వేల దగ్గర మొదలవుతుంది. దానికి ఆంప్లిఫయర్ వేరే కొనాలి. మామూలు గిటార్ ఆంప్‌లో బేస్‌ను గట్టిగా వాయిస్తే స్పీకరు పాడవుతుంది. అయితే ఇప్పుడు కీబోర్డు మీద ఎడమచేత్తో బేస్ వాయించేస్తున్నారు. డీజే బండ్లు వచ్చి ఆర్కెస్ట్రాలు మూతపడుతున్నాయి. అందుకని పాతవి కాస్త చవకగా దొరుకుతున్నాయి. కానీ ఆ అమ్మకాలు జరిగేది కార్యక్రమం అయిపోయాక వ్యాను దగ్గర, టీ బంకు దగ్గర, మగవాళ్ళ మధ్య. అక్కడికి మేము వెళ్తే మొదటి ప్రశ్న “తమ్మునికా? పిల్లోనికా?” అని. నాకే అని ఆమె చెప్పిన చోట ధర తగ్గలేదు, పెరిగింది. తెలియని మనిషి అనుకుంటే ఎవరైనా పెంచుతారు.

అందుకని తెలుసుకుని వెళ్ళడం మొదలుపెట్టాం. మెడను కంటికి సూటిగా పట్టి చూడాలి, వంగితే తెలుస్తుంది. కొద్దిపాటి వంపును లోపలి కడ్డీ తిప్పి సరిచేయవచ్చు, మెలి తిరిగిన మెడ మాత్రం పనికిరాదు. ప్రతి మెట్టు మీద ప్రతి తీగనూ మోగించి చూడాలి, ఎక్కడ గరగరమంటే అక్కడ అరుగుదల ఉన్నట్టు. గుండీలు తిప్పితే చప్పుడు రాకూడదు. వైరు పెట్టే రంధ్రం వదులుగా ఉండకూడదు. తీగలు తుప్పు పట్టి ఉంటే, బేస్ తీగల సెట్టు చవకైనది కాదు గనక, ఆ మేరకు ధర తగ్గించమనాలి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఆమె ఒక్కొక్కటే అడుగుతుంటే, మూడో చోట అమ్మేవాడు “ముందే తెలుసని చెప్పొచ్చు కదమ్మా” అన్నాడు. ధర పన్నెండు వందలు దిగింది. సరిగ్గా ఆమె ఒక రాత్రి కూలి.

డబ్బు ఎక్కడిది? ఆమె పొదుపు సంఘంలో సభ్యురాలు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం రేగిన తర్వాత మన రాష్ట్రంలో పొదుపు సంఘాలు ఎంతగా విస్తరించాయో మనకు తెలుసు. కానీ అప్పు అనగానే బర్రె, కుట్టు మిషను, చిల్లర అంగడి. గిటార్ అంటే సంఘంలో అందరూ నవ్వారు. చివరికి ఆమె తన వంతు అప్పులో కొంత బర్రె పేరు మీదే తీసుకుంది. ఆడమనిషి పనిముట్టు కొనుక్కోవడానికి కూడా అబద్ధం చెప్పవలసి వస్తే ఆ తప్పు ఆమెది కాదు, మన జాబితాలది.

ఇంటికి తెచ్చాక ఇంకో ప్రశ్న. అది ఎవరిది? భర్త దాన్ని తన వస్తువుగానే అందరికీ చూపించాడు. స్త్రీధనం భార్య సొంతమని, భర్త చేతిలో ఉన్నంత మాత్రాన అతనిది కాదని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం హిందూ స్త్రీ సంపాదించుకున్న ఆస్తి మీద సంపూర్ణ హక్కు ఆమెదే. ఇవి బంగారానికి, భూమికే కాదు, గిటార్‌కూ వర్తిస్తాయి. అందుకే రసీదు మీద ఆమె పేరు రాయించాం.

ఇక్కడ ఒక చరిత్ర గుర్తుచేయాలి. ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఈ సీమలో ఆడవాళ్ళ చేతికి మంద్రపు తీగ కొత్త కాదు. ఎల్లమ్మ జోగమ్మలు, జోగతిలు వాయించే చౌడికెలో ఒక తీగ ఉంటుంది. దాని బిగువు మార్చుతూ మీటితే స్వరం జారుతూ పలుకుతుంది. బళ్ళారి వైపు నుంచి వచ్చిన ట్రాన్స్‌జెండర్ కళాకారిణి మంజమ్మ జోగతి 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలైంది, 2021లో పద్మశ్రీ అందుకుంది. కానీ ఆ తీగ వెనక ఉన్న బేరాన్ని మనం మరచిపోలేం. ఈ ప్రాంతంలోనే మగపిల్లలు లేని ఇంట్లో కూతురిని బసివిగా విడిచి, ఆమెకు కొడుకు హక్కు ఇచ్చేవారు. ఆస్తి హక్కుకు బదులు శరీరం మీద హక్కు పోయేది. 1988లో మన రాష్ట్రం దేవదాసీ నిషేధ చట్టం తెచ్చింది, తేవలసిందే. అయితే ఆ చరిత్ర నుంచి మనకు ఒక మచ్చ మిగిలింది. వాయిద్యం పట్టిన ఆడది మంచిది కాదనే మాట అక్కడిదే. ఆమె అత్త అన్న మాట కూడా అదే: “సంసారం చేసుకునేదానికి అదెందుకు?” వాయిద్యం కావాలి, ఆ బేరం వద్దు అనే హక్కు మనకు ఉండాలి.

ఈ తీగను ఆడవాళ్ళు పట్టలేరన్నది అబద్ధమని చెప్పడానికి దూరం పోనక్కర లేదు. ముంబయి అమ్మాయి మోహినీ డే బేస్ వాయిద్యంలో ప్రపంచం ఎరిగిన మనిషి. తండ్రి బేస్ వాయిద్యకారుడు, చిన్ననాడే చేతికి ఇచ్చి నేర్పాడు. అమెరికాలో కేరల్ కే అనే గిటారిస్టు 1963లో ఒక రికార్డింగుకు బేస్ వాయించేవాడు రాకపోతే అది అందుకుంది, తర్వాత వేల రికార్డింగుల్లో వాయించింది. ఒకరికి తండ్రి ఇచ్చాడు, ఇంకొకరికి ఒక ఖాళీ దొరికింది. తండ్రి ఇవ్వని, ఖాళీ దొరకని ఆలూరు అమ్మాయి సంగతి ఏమిటి? ఆ పనిని సంఘాలు చేసిన చోట్లు ఉన్నాయి. దిండిగల్‌లో శక్తి బృందంలో దళిత స్త్రీలు పరై పట్టారు. పాట్నా దగ్గర సుధా వర్గీస్ నడిపే నారీ గుంజన్ అండతో దళిత స్త్రీలు బ్యాండు మేళం పెట్టి పెళ్ళిళ్ళలో వాయించి సంపాదించుకున్నారు. వాళ్ళు పాటలోనే ఆగిపోలేదు, వాయిద్యం దాకా వెళ్ళారు.

మరి మన సంగతి? మార్చి 8 సభలు ఎన్నో చూశాను. పాట మనది, డప్పు పక్క సంఘం సోదరుడిది. మైకు, స్పీకర్లు బాడుగవి, వాటి యజమాని మగవాడు. సభ ఎప్పుడు ముగియాలో కూడా అతనే చెప్తాడు. ముప్పై ఏళ్ళ ఉద్యమంలో మనం ఎన్ని పాటల పుస్తకాలు వేశాం, ఎన్ని వాయిద్యాలు కొన్నాం?

చివరిగా అసలు విషయం. ఆమె ఇంకా మూడు పాటలే నేర్చుకుంది. “ఇంకా కుదరనీలే” అంటున్నారు బృందంలో. ఈలోగా ఒక రాత్రి వాళ్ళ బేస్ పాడైతే ఆమెది అడిగి పట్టుకెళ్ళారు. వాయించింది ఆ పాత మనిషే. పద్ధతి ప్రకారం వాయిద్యానికి ఒక వాటా రావాలి. ఆమెకు 500 ఇచ్చి “బాడుగ” అన్నారు. మగవాడి చేతిలో ఉన్నప్పుడు వాటా, ఆడదాని సొంతమయ్యేసరికి బాడుగ! అంటే వాటా పెట్టెకు కూడా కాదు. పంచే చాప మీద ఎవరు కూర్చుంటారన్న దానికే.

అందుకని నేను వాయిద్యాలు కొనిపిద్దాం అని మాత్రమే చెప్పి ఆగను. పొదుపు సంఘాల అప్పుల్లో వాయిద్యాన్ని జీవనోపాధి పనిముట్టుగా రాయించాలి. రసీదు స్త్రీ పేరు మీద ఉండాలి. కార్యక్రమానికి ముందే వాటాలు కాగితం మీద రాసి, పాడే మనిషితో సహా అందరూ సంతకం చేయాలి. పందిట్లో జనరేటరు మీద ఎర్తు సరిగా లేకపోతే, చేతిలో తీగలు, పెదవి దగ్గర మైకు ఉన్న మనిషికి షాకు కొడుతుంది. ఆంప్, మిక్సర్ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకున్నాయా, ఎర్తు ఉందా అని ముందే చూడమని అడగడం కూడా పని హక్కే. ఇవేవీ పెద్ద కోరికలు కావు.

మొన్న ఫోన్‌లో ఆమె చెప్పింది: ఈసారి లెక్క పంచేటప్పుడు 1,200 తీసుకుని వ్యాను ఎక్కలేదట. పోయి చాప మీద కూర్చుందట. “ఏం కావాలమ్మా?” అని అడిగారట. “ఏం లేదన్నా, చూస్తాండా. పంచుకోండి” అందట.

ఆ రాత్రి పంపకం చాలాసేపు పట్టిందట.