మా ఇంటి కబుర్లు: మెరుగు దిద్దని పియానో

ఈసారి కబురు నా తప్పు ఒప్పుకునే కబురు.

బెంగళూరులో మా రెండు గదుల ఇంట్లో అసలు పియానో పెట్టడానికి చోటూ లేదు, కొనడానికి స్తోమతూ లేదు. అందుకని మా అమ్మాయికి 88 మెట్ల కీబోర్డు కొని, కంప్యూటరుకు తగిలించి, పియానో సాఫ్ట్‌వేర్ పెట్టించాను. మొదటి రోజే పెద్ద హాల్లో కచేరీలా మోగింది. ముచ్చటేసి, ప్రతిధ్వని ఇంకాస్త పెంచాను. చుట్టాలొస్తే "ఏదీ, మామయ్యకి వినిపించు" అనడం, వాళ్ళు "ఆహా" అనడం మామూలైపోయింది.

తీరా గ్రేడ్ పరీక్ష రోజు వచ్చింది. అక్కడ ఉన్నది అసలు పియానో. గుమ్మం బయట నిలబడి విన్నాను. ఒక చెయ్యి ముందు, ఒక చెయ్యి వెనక. ఒక స్వరం గట్టిగా, పక్కది వినిపించీ వినిపించక. బయటికొచ్చి, "నాన్నా, ఇన్నాళ్ళూ నా తప్పులు నాకెందుకు వినపడలేదు?" అని ఏడ్చింది. అత్తెసరు మార్కులతో గట్టెక్కింది.

మాస్టారికి చెబితే నవ్వి, "అద్దానికి ఆవిరి పట్టించి మొహం చూసుకోమంటే ఎలాగండీ?" అన్నారు. ఆ ఆవిరి పట్టించింది నేనే.

ఈ సాఫ్ట్‌వేర్లు ముఖ్యంగా రెండు రకాలు. అసలు పియానో మెట్లను మెల్లగా, గట్టిగా, రకరకాల బలంతో నొక్కి రికార్డు చేసి పెట్టినవి ఒక రకం. తీగె, సుత్తి, చెక్క పలక ఎలా కంపిస్తాయో అప్పటికప్పుడు లెక్కకట్టి పలికించేవి రెండో రకం; 2006లో వచ్చిన పియానోటెక్ ఈ కోవలోదే. ఏ రకమైనా వినగానే నచ్చాలని చాలా వాటిలో ముందే మెరుగులు దిద్ది ఉంచుతారు. ప్రతిధ్వని తడబాటును కప్పేస్తుంది. కంప్రెసర్ గట్టి స్వరాన్ని అణిచి, మెల్లని స్వరానికి దగ్గర చేస్తుంది. 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టొఫోరి ఈ వాద్యాన్ని తయారుచేసిందే వేలి బలాన్ని బట్టి మెల్లగానూ గట్టిగానూ పలకాలని. పియానోఫోర్టె అన్న పేరుకు అర్థమూ అదే. ఆ తేడానే చెరిపేస్తే ఇక మిగిలేదేమిటి?

మాస్టారు చెప్పగా మేం చేసినవి ఇవి. ముందు ప్రతిధ్వని, కంప్రెసర్, ఈక్వలైజర్ అన్నీ ఆపేశాం. మైకు ఎక్కడున్నట్టు వినిపించాలో ఎంచుకునే వీలుంటే, వాయించేవారి చోటు ఎంచుకున్నాం. తర్వాత వేలి బలానికీ శబ్దానికీ లంకె కుదిర్చే వెలాసిటీ గీతను సరిచేశాం: అతి మెల్లగా నొక్కితే గుసగుసలా, బలంగా నొక్కితేనే గట్టిగా పలికేటట్టు. పెడల్ తొక్కినప్పుడు పక్క తీగెలు కలిసి పలికే ఝంకారాన్నీ, మెట్టు వదిలినప్పటి చిన్న చప్పుడునూ మాత్రం తీసేయలేదు. అవి అసలు పియానోలో ఉండేవే.

ఒక్క జాగ్రత్త. స్పీకర్లలో వింటే మన గదే కాస్త ప్రతిధ్వని ఇస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో గది ఉండదు కనుక శబ్దం మరీ ఎండిపోయినట్టుంటుంది. అప్పుడు చిన్న గదికి సరిపడా ప్రతిధ్వని, కూరలో ఉప్పులా, కొంచెం వేసుకోవచ్చు.

మొదటి వారం మా అమ్మాయి "చప్పగా ఉంది" అని మూతి ముడుచుకుని కీబోర్డు ముట్టలేదు. నేనూ బతిమాలలేదు. రెండో వారం తనే వచ్చి కూర్చుంది. ఇప్పుడు చుట్టాల "ఆహా"లు తగ్గాయి. మధ్యలో ఆగి, "ఉండండి, ఇక్కడ నాలుగో వేలు తడబడింది" అని తనే మళ్ళీ మొదలెడుతోంది. వంటింట్లోంచి మా ఆవిడా, వరండాలోంచి నేనూ ఆ మాట కోసమే వింటున్నాం.

మీ ఇంట్లోనూ ఇలాంటి పియానో ఉంటే, ఈ ఆదివారం ఒక్కసారి ఆ మెరుగులు ఆపి వినండి. వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం. సెలవు.