లుఖ్మాన్ హకీము వద్ద లేని మందు

మన ఇండ్లలో ఉర్దూ మాట్లాడు పెద్దల నోట తరచుగా వినవచ్చు సామెత యొకటి ఉన్నది. వహమ్‌కు మందు లుఖ్మాన్ హకీము వద్ద కూడ లేదట. వహమ్ అనగా లేని కీడును ఉన్నదని శంకించి మనస్సును తినివేసికొనుట. తెలుగువారు ఇదే సంగతిని 'అనుమానము పెనుభూతము' అని తేల్చివేసినారు. రెండు భాషలవారును చేతులెత్తివేసిన ఈ వ్యాధిని గూర్చి వ్రాయుటకు నాకు గల అర్హత ఒక్కటే. నాలుగు సంవత్సరములు నేను దానితో కాపురము చేసినాను. ఛందస్సును, ప్రబంధములను బోధించువాడు రోగములను గూర్చి వ్రాయుట ఏమని సంపాదకవర్గములోని మిత్రులొకరు నవ్వినారు. నవ్వవలసినదే. కాని వైద్యులు ఇంగ్లీషులో వ్రాసికొనునది మన విద్యార్థులకు చేరుట లేదు. చేరవలసినవారు మన తరగతి గదులలోనే కూర్చుండియున్నారు.

నేను ప్రస్తావించునది కోవిడ్ మరల సోకునేమో అను భయము. కోవిడ్ వచ్చిన దినములకంటె అది పోయిన తరువాతి దినములలోనే ఈ భయము కొందరిని ఎక్కువగా పీడించినది.

2020వ సంవత్సరము మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుండి దేశమంతట లాక్‌డౌను. అప్పటికి మనది ఇంకను అనంతపురము జిల్లాయే. శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్‌లో గదా ఏర్పడినది. నాటి జిల్లాలో ఈ వ్యాధి మొదట బయటపడిన ఊళ్ళలో హిందూపురము ఒకటి. ఏప్రిల్ నెలలోనే వీధులకు అడ్డుకట్టలు కట్టినారు. చింతపండు బేరములు ఆగినవి, ధర్మవరములో మగ్గముల చప్పుడు ఆగినది, రైళ్ళు నిలిచిపోయినవి. ఆ యేటి రంజాన్ మాసములో మసీదులు మూసియుండగా తరావీహ్ నమాజులు ఇండ్లలోనే చదువుకొన్నాము. ఈ పత్రిక చదువు విద్యార్థులకు ఇవన్నియు హైస్కూలు నాటి జ్ఞాపకములు.

పెనుకొండలోని మా ఇంటికి అది 2021 మే నెలలో వచ్చినది. ఏడుగురమును పడకవేసినాము. ఆ నెల 14న వచ్చిన రంజాన్ పండుగనాడు మా ఇంట షీర్‌ఖుర్మా వండుటకు లేచి నిలువగలిగినవారు లేకపోయిరి. మా చిచ్చా, అనగా మా తండ్రిగారి తమ్ముడు, ఆసుపత్రిలో చేరిన పదకొండవ నాడు కన్ను మూసినారు. ఆయన జనాజాకు నేను పోలేకపోయినాను. నాకు జ్వరము తగ్గినది, ఆకలి వచ్చినది, వాసనయు తిరిగి తెలిసినది. అసలు రోగము అప్పుడు మొదలైనది.

ఆ రోజులలో ఆక్సిమీటరు దొరకుట గగనమైయుండెను. బొటనవ్రేలంత పరికరము, వ్రేలికి తగిలించిన రక్తములో ప్రాణవాయువు నూటికి ఎంత పాలున్నదో చూపును. ఆరోగ్యవంతునికి సాధారణముగా 95కు పైన ఉండును. ఆ సంగతి నాకు తెలియును. తెలిసియు ఒకనాడు లెక్క పెట్టుకొనగా ఉదయము మొదలు రాత్రి వరకు 43 మార్లు వ్రేలికి పెట్టుకొని చూచినాను. 98 వచ్చిన అరగంట సుఖము. 96 వచ్చిన గుండె దడ. చలికాలమున వ్రేళ్ళు చల్లబడి అంకె తగ్గిన, దుప్పటిలో చేయి వేడిచేసికొని మరల చూచుట. ఇది చాలదన్నట్లు ప్రతి ఉదయము అత్తరు సీసా మూత తీసి వాసన తెలియుచున్నదా యని పరీక్షించుకొనెడివాడను. పెనుకొండ నుండి హిందూపురమునకు వచ్చు రైలులో ఎవరైన దగ్గిన యెడల తలుపు దగ్గరకు పోయి ఊరు వచ్చువరకు నిలుచుండెడివాడను. విద్యార్థులు నన్ను ప్రకృతి ప్రేమికుడని అనుకొన్నారట!

ఈ భయములోని మాయ ఏమనగా, అది తానే రోగలక్షణములను సృష్టించుకొనును. భయపడినవాడు తెలియకుండనే వడివడిగా, లోతుగా ఊపిరి తీయును. అందువలన రక్తములోని బొగ్గుపులుసు గాలి అవసరమునకు మించి వెలికి పోవును. అది తగ్గుటతో వ్రేళ్ళ కొనలు, పెదవులు తిమ్మిరెక్కును, తల తిరుగును, రొమ్ము బిగిసినట్లుండును, ఎంత పీల్చినను ఊపిరి చాలలేదనిపించును. ఇది అచ్చముగా మనము భయపడిన జబ్బువలెనే ఉండును. ఆ సమయమున ఆక్సిమీటరు 99 చూపును. నేను పరికరము చెడినదని నిశ్చయించుకొని రెండవది కొన్నాను.

2023లో ధర్మవరమున మా చెల్లెలి బిడ్డకు అఖీఖా చేసినారు. షామియానా క్రింద బంధువులందరు భోజనములకు కూర్చున్నారు. నేను వీధి చివర వేపచెట్టు క్రింద నిలుచుండి బిడ్డను దూరము నుండి చూచి, కానుక మా బావగారి చేతికిచ్చి వెనుదిరిగినాను. చెల్లెలు వీధిలోనికి వచ్చి, "భాయ్, జబ్బు ఉన్ననాడు కూడ నీవు మాకు ఇంత దూరము కాలేదే" అన్నది. ఆ మే నెల 5వ తేదీననే ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. వార్తాపత్రికలో చదివినాను కూడ. కాని భయమునకు ప్రకటనలు వినిపించవు.

ఇంతవరకు చెప్పినది నా స్వవిషయము. దీనిని దాచుకొన్నను ఎవరికి నష్టము లేదనుకొన్న దినములున్నవి. దాచుకొనుటవలన జరిగిన నష్టమును ఇప్పుడు చెప్పవలెను. 2022లో ఒక పరీక్షనాడు నేను హాలు పర్యవేక్షణలో ఉన్నాను. ఒక విద్యార్థిని గుమ్మము దగ్గర ఆగిపోయినది. రెండు మాస్కులు ఒకదానిపై ఒకటి. బురఖా చేతిమడతలో ఏదో చిన్న వెలుగు. అది ఆక్సిమీటరని నేను గాక ఆ హాలులో మరెవ్వరు గుర్తించియుండరు. ఆమె పది నిమిషములు నిలుచుండి, వెనుదిరిగి వెళ్ళిపోయినది. "పిరికిపిల్ల" అని ఎవరో అన్నారు. నేను లేచి పోయి, "అమ్మా, నాకును ఇట్లే ఉన్నది" అనియుండవచ్చును. అనినచో నా గుట్టు బయటపడును. ఊరకుండినాను. తరువాత తండ్రి ఆమెను పెనుకొండ బాబయ్య దర్గాకు తీసికొనిపోయినాడనియు, అక్కడ ఉన్నంతసేపు నెమ్మదిగా ఉండెడిదనియు విన్నాను. ఆమె మరల మన కళాశాలకు రాలేదు.

ఇక, ఈ భయము నిరాధారమా అను ప్రశ్నకు వత్తును. కాదు. కోవిడ్ ఒకసారి వచ్చిపోయిన మరల రాదను నియమము లేదు. వ్యాధివలనను, టీకావలనను పుట్టిన ప్రతిరక్షకములు కొన్ని మాసములలో తగ్గును. క్రిమియు రూపము మార్చుకొనును. కాని రక్తములోని జ్ఞాపక కణములు శత్రువును అంత త్వరగా మరువవు. కావుననే తరువాత సోకినది పెక్కుమందిలో తొలిసారికంటె తేలికగా పోయినది. వృద్ధులు, మధుమేహము గలవారు, వ్యాధినిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు జాగ్రత్త పడుట న్యాయమే. జ్వరము పోయినను నెలల తరబడి నీరసము వీడనివారి బాధయు నిజమైనదే. వారిని ఎవ్వరును వహమ్ అని కొట్టివేయరాదు.

జాగ్రత్తకు ఒక కొలత ఉన్నది. టీకా వేసికొన్నాము, జ్వరము వచ్చిన ఇంట ఉన్నాము, కిటికీ తెరచినాము. అక్కడికి పని ముగిసినది. భయమునకు ఆ ముగింపు లేదు. అది మరల రాదను హామీని అడుగును. అట్టి హామీని ఏ వైద్యుడును ఇయ్యలేడు. ఇచ్చినను అరగంటలో దాని విలువ కరగిపోవును. 1986లోనే ఇంగ్లండుకు చెందిన సాల్కోవ్‌స్కిస్, వార్విక్ అను పరిశోధకులు ఈ రహస్యమును విప్పి చెప్పినారు. మాటిమాటికి పరీక్షించుకొనుట, మాటిమాటికి ఇతరులచే ఏమియు లేదనిపించుకొనుట భయమును తగ్గించుటకు మారుగా పోషించునని వారి సిద్ధాంతము. గోకినకొలది దురద పెరుగును గదా, ఇదియు అంతియే.

మన సామెతకు జవాబు ఇంకను పాతది. పదవ శతాబ్దిలో, నేటి అఫ్గనిస్తానమునకు చెందిన బల్ఖ్ ప్రాంతపువాడు అబూ జైద్ అల్ బల్ఖీ దేహమునకును మనస్సునకును కలిపి ఒక ఆరోగ్యగ్రంథము వ్రాసినాడు. కోపము, దుఃఖము, భయము, వస్వాస్ అని మనోవ్యాధులను నాలుగుగా విభజించి, వానికి చికిత్స ఉన్నదని చెప్పినాడు. ఆపదకు ముందే మందులు ఇంట నిలువ ఉంచుకొనునట్లు, మనస్సు నెమ్మదిగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలను సేకరించి ఉంచుకొని, భయము కమ్మినప్పుడు వానిని తీసి వాడుకొమ్మన్నాడు. వెయ్యేండ్ల క్రిందట మనవారే వ్రాసిన మందును మరచి, లుఖ్మాన్ పేరు చెప్పి చేతులెత్తుట మనకు మర్యాద కాదు.

నాకు మందు బెంగుళూరులో ఒక మనోవైద్యుని వద్ద దొరకినది. మాత్రలు స్వల్పము, పని అధికము. మొదటి వారము రోజుకు మూడు మార్లు మాత్రమే, గడియారము చూచి, ఆక్సిమీటరు పెట్టుకొనవలెను. రెండవ వారము ఒక్కసారి. తరువాత దానిని నా చేతికి అందని చోట ఉంచవలెను. వ్రేళ్ళు తిమ్మిరెక్కినప్పుడు లేచి పోక, ఎవరిని అడుగక, ఉన్నచోటనే కూర్చుండవలెను. ఒక నోటుబుక్కులో ఎడమవైపు నా భయము చెప్పిన జోస్యమును, కుడివైపు నిజముగా జరిగినదానిని వ్రాయవలెను. మొదటిసారి కూర్చున్ననాడు చచ్చిపోవుదునని తలచినాను. భయము మెట్లెక్కి పైకి పోయినది, అక్కడ కొంతసేపు నిలిచినది, ఎవరును తరుమకుండనే దిగివచ్చినది. మూడు నెలలలో నోటుబుక్కు ఎడమవైపు నిండినది. కుడివైపు ప్రతి పుటలోను ఇంచుమించుగా ఒకటే వాక్యము: ఏమియు జరుగలేదు. ఒక్కచోట మాత్రము 'జలుబు' అని ఉన్నది.

అందరును బెంగుళూరు పోలేరు. ప్రభుత్వము వారి టెలీ మానస్ సేవ 2022 అక్టోబరు 10 నుండి నడచుచున్నది. 14416 నంబరునకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. మన నోటీసు బోర్డుపై ఫీజు తేదీల ప్రక్కన ఆ అయిదంకెలకు చోటు దొరకదా?

కళాశాల కమిటీ పెద్దలకు మరికొన్ని మాటలు విన్నవించుకొనుచున్నాను. ఏటేట వార్షికోత్సవమున నూటికి నూరు పాళ్ళు హాజరైన విద్యార్థికి మనము బహుమతి నిచ్చుచున్నాము. ఆ బహుమతికై జ్వరముతో తరగతికి వచ్చి వెనుక బెంచీలో వణకుచు కూర్చున్న బాలుని నేను చూచినాను. అతని ప్రక్కన కూర్చున్న భయస్థుని గతి ఏమి? జ్వరము వచ్చినవాడు ఇంట ఉన్నందులకు తన ఘనతను పోగొట్టుకొనకుండునట్లు ఆ నియమమును సవరించుడు. రోడ్డువైపు గదుల కిటికీలకు బస్సుల రొదకు జడిసి మేకులు కొట్టించినాము. కోవిడ్ ముఖ్యముగా గాలి ద్వారా వ్యాపించునని లోకము ఒప్పుకొని ఏండ్లు గడచినవి. రొదను భరింతము గాని ఆ మేకులు తీయించుడు. వారమునకొక గంట మనస్తత్వము తెలిసినవారెవరైన వచ్చి కూర్చుండునట్లు ఏర్పాటు చేయుడు. ఆడపిల్లలకు వేరుగా, ఒక స్త్రీ వచ్చిన మేలు. ఆ గది ముందర వరుసలో నిలుచున్నవారిని చూచి ఎవరైన నవ్వుదురను సంకోచమున్న, మొదటి దినమున వరుసలో నేనే నిలుచుందును.

2025 మే, జూన్ మాసములలో ఒమిక్రాన్ సంతతికి చెందిన కొత్త రూపములు తలయెత్తినవి. నూటనలువది కోట్ల జనమున్న దేశములో చికిత్సలో ఉన్నవారి సంఖ్య ఒక దశలో ఏడు వేలు దాటి, తరువాత తగ్గిపోయినది. విశాఖపట్టణములో ఒక కేసు వచ్చినదని వార్త చూచిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా ఆక్సిమీటర్లు రెండును ధర్మవరమున మా చెల్లెలి బీరువాలో ఉన్నవి. తెల్లవారగనే ఫోను చేసి, ఒకదానిని ఎవరిచేతనైన పంపుమన్నాను. "పంపను, కావలెనన్న నీవే వచ్చి తీసికో" అన్నది. ఆదివారము ప్యాసింజరు బండికి పోయినాను. బండి నిండుగా ఉన్నది, తలుపు దగ్గర కూడ చోటు లేదు. అఖీఖానాడు నేను దూరము నుండి చూచిన బిడ్డకు ఇప్పుడు రెండేండ్లు. అన్నము తినుచున్నంతసేపు నా ఒడి దిగలేదు. భోజనమైన తరువాత చెల్లెలు బీరువా తెరచి రెండు పరికరములను తెచ్చి నా ముందర పెట్టినది. నొక్కినాను. రెంటిలోను వెలుగు రాలేదు. వాని సెల్లులు టీవీ రిమోటులో వేసినామని మా బావగారు చెప్పినారు.